ఎదకు వచ్చియు చూడి నిలువని పశువు

మూడు పర్యాయములు దాటించియు చూడి కట్టని ఆవును తిరగబొర్లు పశువందురు. నాలుగవసారియు నిలువనిచో గొడ్డుమోతని నిశ్చయించి సంతకు తోలువారు కలరు. రైతు సోదరులారా, అటుల తోలుటకు ముందు ఆ పశువు అండాశయములలో జరుగు పని యెట్టిదో తెలిసికొనవలెనని మా మనవి.

అండాశయములో ఒక్కొక్క అండము ఒక్కొక్క సన్నని బుడగలో పెరుగును. సుమారు 21 దినముల కొకసారి ఒక బుడగ పక్వమగును. దాని స్రావము వలననే పశువు ఎదకు వచ్చును. ఎద అణగిన 10, 12 గంటలకు బుడగ పగిలి అండము వెలువడును. ఆ చోట పసుపువన్నె గ్రంథి యేర్పడి గర్భమును నిలుపు స్రావము నిచ్చును.

అయితే నేడు వెలువడు అండము నేడు తయారైనది కాదు. బుడగ పెరిగి పక్వమగుటకు రెండు మూడు నెలలు పట్టును. ఈనిన తొలి వారములలో ఆవు తిన్నదానికంటె పాలలో పోవునది హెచ్చై పశువు చిక్కిపోవును. అప్పుడు పెరుగ నారంభించిన అండములు నాసియై, తరువాత దాటించినపుడు చూలు నిలువనీయవని అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ బ్రిట్ 1992లో ప్రతిపాదించెను. కావున మూడవ నెలలో కనిపించు లోపమునకు మూలమును ఈనిన నెలలోనే వెదకవలసి యుండును.

వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు, భాస్వరము చాలవు. చూడి చివరి నెలలనుండియే పచ్చిమేత, తవుడు, తెలగపిండి, ఖనిజ లవణ మిశ్రమము తగుపాళ్లలో ఈయవలెను. అట్లని పశువును కొవ్వెక్కనీయరాదు.

లోపమెల్ల అండమునదే కాదు. వెలువడిన అండము కొద్ది గంటలు మాత్రమే సత్తువతో నుండును. కావున ఉదయము ఎద కనిపించిన సాయంత్రము, సాయంత్రము కనిపించిన మరునాటి ఉదయము కృత్రిమ గర్భోత్పత్తి చేయించుట మంచిది. గేదెలలో మూగ ఎద తరచు కలుగును గనుక తెల్లవారుజామున, రాత్రివేళ కనిపెట్టి చూడవలెను. తీగలు మురికిగా నున్నచో గర్భకోశమున చీము ఉన్నదేమో పరీక్ష చేయింపవలెను.

పశువైద్యుడు చేతితో తడిమి అండాశయముల స్థితి గ్రహించును. అవి చిన్నవై నునుపుగా నున్నచో తరచు మేతలోపమే కారణము. పసుపు గ్రంథి కరగక నిలిచిన ఒక చికిత్స, నీటితిత్తి యేర్పడిన వేరొక చికిత్స కలవు. పరీక్ష లేకుండ సూది వేయింపరాదు. గ్రంథిని కరగించు మందు చూడి పశువునకు పడినచో గర్భము పోవచ్చును.

ఈనిన తేదీని, ఎదకు వచ్చిన ప్రతి తేదీని, దాటించిన వేళను వ్రాసి యుంచుడు. ఆ కాగితమును పశువుతోపాటు ఆసుపత్రికి తీసికొనిపొండు. వైద్యుడు మొట్టమొదట అడుగునది అదియే.