వలకు చిక్కిన లెక్క

సముద్రంలో ఒక జాతి చేప ఎంత మిగిలి ఉందో చెప్పమంటే ప్రభుత్వాలు మొదట చూసేది రేవుకు ఎంత వచ్చిందని. గంట వేటకు ఎంత పడిందో లెక్కగట్టి, అది తగ్గలేదు కనుక సముద్రంలోనూ తగ్గలేదని అనుకుంటాయి. గుంపులు కట్టే చేప విషయంలో ఈ లెక్కను నమ్మకూడదన్నది నా వాదన. బావిలో నీరు ఇంకిపోతున్నా చేద అడుగు తగిలేదాకా నిండుగానే పైకి వస్తుంది. దీనికి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపను మించిన సాక్ష్యం నాకు తెలియదు.

1968లో ఆ తీరంలో విదేశీ ట్రాలర్లు సహా అందరూ కలిసి పట్టిన కాడ్ ఎనిమిది లక్షల టన్నులు దాటింది. 1977లో కెనడా తన సముద్ర వేట హద్దును 200 నాటికల్ మైళ్ళకు పెంచుకున్నాక విదేశీ వేట తగ్గింది, ఇక చేప పెరుగుతుందని అందరూ ఆశపడ్డారు. శాస్త్రవేత్తల దగ్గర రెండు కొలతలు ఉండేవి. ఒకటి పరిశోధన ఓడ ముందుగా ఎంచిన చోట్ల వల లాగి చేసే సర్వే, రెండోది వ్యాపార ట్రాలర్ల గంట రాబడి. రెండూ పొంతన లేకుండా పోతుంటే వాటికి మధ్యస్థంగా ఒక అంకె వేశారు. చలికాలంలో కాడ్ లోతు నీటిలో దట్టంగా గుమిగూడుతుంది. సంఖ్య తరిగేకొద్దీ మిగిలినవి ఇంకా దగ్గరికి చేరాయి. సోనార్ ఉన్న ట్రాలర్ నేరుగా ఆ గుంపు మీదికే పోతుంది, కనుక దాని రాబడి పడిపోలేదు. తీరంలో ఒకేచోట వల కట్టి, వేసవిలో చేప వచ్చేదాకా కాచుకునే చిన్న వేటగాళ్ళు మాత్రం చేప తగ్గిందని, పరిమాణమూ చిన్నదయిందని మొత్తుకున్నారు. 1986లో వాళ్ళ సంఘం వేరే శాస్త్రవేత్తల చేత నివేదిక కూడా రాయించింది. చేపను వెంటాడని వల కనుక వాళ్ళ మాటే నిజానికి దగ్గరగా ఉంది. అంచనాను తిరగరాసిన శాస్త్రవేత్తలు 1989కి 1,25,000 టన్నులు చాలన్నారు, ప్రభుత్వం 2,35,000 టన్నులకు అనుమతించింది. 1992 జులై 2న వ్యాపార వేటను ఆపారు. దాదాపు 30,000 మందికి పని పోయింది.

వేట కాదు, ఆ ఏళ్ళ అసాధారణ చలి, కాడ్‌కు ఆహారమైన కేప్లిన్ చేప తగ్గడం, సీల్ జంతువులు కారణమని వాదించేవారున్నారు. వాటి పాత్ర లేదనను. అయితే ప్రకృతి ఎప్పుడు కష్టపెడుతుందో తెలియనప్పుడు వేటను తక్కువలో ఉంచడమే న్యాయం. ఈ వాదన నా పక్షానికే బలమిస్తుంది. సర్వే కూడా తప్పుతుందిగా అన్న ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది. 1986 సర్వేలో అంకె అసహజంగా పెరిగి ఆశలు రేపిన మాట నిజమే. కానీ సర్వే పొరపాటు ఒక ఏడు పైకి, మరో ఏడు కిందికి ఊగుతుంది, ఏళ్ళ తరబడి చూస్తే సర్దుకుంటుంది. ట్రాలర్ రాబడి పొరపాటు ఒక్క వైపే, ఎక్కువ వైపే మొగ్గుతుంది. ఊగే తప్పునూ మొగ్గే తప్పునూ కలిపి సగటు తీస్తే సత్యం రాదు, మొగ్గు మాత్రమే మిగులుతుంది.

2023లో కెనడా శాస్త్రవేత్తలు పాత ఏళ్ళ సమాచారాన్ని కలుపుకుని, చేప ఇంతకన్నా తగ్గితే ప్రమాదమని చెప్పే రేఖను సవరించారు. కాడ్ ప్రమాద మండలం నుంచి జాగ్రత్త మండలంలోకి వచ్చింది, 2024లో నిషేధం ఎత్తేసి 18,000 టన్నులకు అనుమతించారు. గీత జరిగినంత మాత్రాన చేప పెరిగినట్టు కాదు. గీతను సరిచేయడం శాస్త్రానికి తగిన పనే, దాన్ని వేటకు అనుమతిగా చదవడంలోనే తొందరపాటు ఉందని నా అభిప్రాయం.

ఇదే చిక్కు మన దగ్గరా ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. జూన్ 15 తరవాత వలలు బరువెక్కితే నిషేధం ఫలించిందంటాం. రెండు నెలలు ఎవరూ పట్టని చేప ఒక్కసారిగా చిక్కడం వల్ల కూడా వలలు అలాగే బరువెక్కుతాయి. ఈ రెంటినీ విడదీసి చెప్పాలంటే వేటతో నిమిత్తం లేని సర్వే, చేప వయసు, గుడ్లు పెట్టే ఆడచేపల వాటా తెలియాలి. రేవులో తూచిన బరువు ఒక్కటే ఆ పని చేయలేదు.