వయ్యారిభామ పూయకముందే

(మహిళల చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)



వయ్యారిభామ! పేరు వినడానికి ఎంత బాగుందో చూడండి. కొందరు దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. ఆకు క్యారెట్ ఆకులా ఉంటుంది. అందుకని క్యారెట్ గడ్డి అని కూడా అంటారు. వ్యవసాయ ఆఫీసులో అడిగితే పార్థీనియం అంటారు. కానీ ఇది పేరుకే గడ్డి. గడ్డి జాతి మొక్క కాదు. పశువులకు మేత అంతకన్నా కాదు.

ఇది మన నేలలో పుట్టిన మొక్క కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడి నుంచి తెచ్చిన గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు. 1955లో పూనాలో కంటబడింది. పుట్టింట్లో దీన్ని తినే పురుగులు ఉన్నాయి. అప్పట్లో ఇక్కడ లేవు. ఇంకేముంది? అడ్డూ ఆపూ లేకుండా దేశమంతా పాకింది.

పంట పొలాన్ని ఏటా దున్నుతారు. టేకు, జీడిమామిడి, సీతాఫలం పెట్టిన సొంత భూమిని అట్లా దున్నరు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు నీడ ఉండదు. ఎండ, తడి, ఖాళీ నేల ఉంటే చాలు, వయ్యారిభామ లేస్తుంది. నెల, నెలన్నరకే పూతకు వస్తుంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుంది. అవి గాలికి ఎగురుతాయి. వాన నీటిలో కొట్టుకుపోతాయి. బండి చక్రాల బురదలో, పశువుల గిట్టల్లో చేరి ఊరంతా తిరుగుతాయి. నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి.

దీనివల్ల తోటలో మంచి గడ్డి పోతుంది. మేత తగ్గుతుంది. ఆకలికి పశువు దీన్ని తింటే పాలు చేదవుతాయి. కలుపు తీసేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళే. చేతులు దురద పెడతాయి. చర్మం నల్లబడి పగులుతుంది. దీని పుప్పొడి, అంటే పువ్వు దుమ్ము, ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం వస్తాయి. రోగం వచ్చిన రోజు కూలి పోతుంది. పైగా మందుల ఖర్చు.

మరి ఏం చెయ్యాలి?

పూత రాకముందే పీకెయ్యాలి. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా వస్తుంది. కొడవలితో పైపైన కోస్తే ఏం లాభం? మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. చేతి తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచులు కట్టుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. ఆయాసం, దురద ఉన్నవాళ్ళు ఈ పనికి రాకూడదు.

పూయని మొక్కలను పేడతో కలిపి గుంతలో వేస్తే మంచి ఎరువు అవుతుంది. పూసిన మొక్కలను ఎరువు గుంతలో వెయ్యకూడదు. గింజలు ఎరువుతోపాటు మళ్ళీ చేనికే వస్తాయి. వాటిని దులపకుండా సంచిలో పెట్టి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

కొందరు ఉప్పు నీళ్ళు చల్లుతారు. తోటలో అది వద్దు. నేల చెడుతుంది. చెట్లు దెబ్బతింటాయి.

తొలకరికి ముందు గట్ల వెంట తగిరిస గింజలు చల్లవచ్చు. తగిరిస ఒత్తుగా పెరిగి వయ్యారిభామకు చోటివ్వదు. దీని ఆకు తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. లేత పసుపు రంగు వీపు మీద గోధుమ రంగు చారలు ఉంటాయి. వానాకాలంలో కనిపిస్తే చంపకండి. అది మన పనే చేస్తోంది.

ఇక అసలు మాట. పైచేను అక్క తన తోటంతా శుభ్రం చేసిందనుకోండి. కిందిచేను అక్క తనకెందుకులే అని ఊరుకుంది. గట్టు మీద పది మొక్కలు మిగిలాయి. "గట్టు నీది" అంటే "నీది" అని ఇద్దరూ వాదించుకున్నారు. ఈలోగా పది మొక్కలూ పూశాయి. లక్షకు పైగా గింజలు రాలాయి. మరు ఏడు ఇద్దరి తోటలూ మొదటికి వచ్చాయి. పైచేను అక్క కష్టం అంతా ఏమైంది?

భూమికి పట్టా ఉంటుంది. గట్టుకు హద్దు రాయి ఉంటుంది. గింజకు ఏ హద్దూ లేదు. కాబట్టి గట్టుకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే రోజున కలిసి పీకాలి. దారి పక్కన, బడి చుట్టూ, చెరువు కట్ట మీద కూడా పీకాలి. వానాకాలంలో ఒక్కసారి చాలదు. కొత్తవి మొలిచినప్పుడల్లా తియ్యాలి. నేలలో పాత గింజలు ఉన్నాయి గనుక వచ్చే ఏడూ, ఆ పై ఏడూ తియ్యాలి. కొత్త గింజ పడనివ్వకపోతే ఏటికేడు పని తగ్గుతుంది. చెట్లు పెరిగి నీడ పడితే ఇంకా తగ్గుతుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరి గట్టు వాళ్ళు చూడండి. పూసినవి ఎన్ని, పూయనివి ఎన్ని అని పలక మీద రాసుకు రండి. అవి చదివి, ముందు ఎవరి చేనికి పోవాలో, ఏ రోజు పోవాలో ఇక్కడే కూర్చుని నిర్ణయించుకోండి.