పక్షవాతం: గంటల్లో చేరవలసిన వైద్యం
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు, ఆడిట్ గురించి చెప్పవలసిన మేము ఈ పూట ఒక జబ్బు గురించి మాట్లాడడం వింతగా తోచవచ్చు. పాల రిజిస్టరులో ఏళ్ళ తరబడి ఉన్న సభ్యుని పేరు ఒక తేదీతో ఆగిపోవడం మేము చూస్తుంటాము. అడిగితే, "పక్షవాతం వచ్చింది, ఆవును అమ్ముకున్నారు" అంటారు.

వాన నమ్మలేని మన అనంతపురం మెట్టలో వేరుశెనగ ఎండినా ఇల్లు నిలబెట్టేది పాడి. మగవారు బెంగుళూరు వలస పోయిన ఇంట ఆ పాడి ఒక్క ఆడమనిషి చేతిమీద నడుస్తుంది. ఆ చేయి పడిపోతే సంసారమే పడిపోతుంది.

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. ఎక్కువమందికి గడ్డే కారణం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని వైద్యుల అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉన్నది. అయితే సి.టి. స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేలిన మీదట, జబ్బు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. క్యాను ఆలస్యమైతే పాలు ఏమవుతాయో మీకు మేము చెప్పనక్కరలేదు.

గుర్తులు మూడు. నవ్వమంటే మూతి ఒకవైపు వంకరపోవడం, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోవడం, మాట తడబడడం. ఇవి ఉన్నట్టుండి వస్తాయి. ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. మొదలైన వేళ గుర్తుంచుకొని వైద్యునికి చెప్పాలి. కాసేపటికి తగ్గిపోయినా వెళ్ళవలసిందే, అది పెద్ద దెబ్బకు ముందు హెచ్చరిక కావచ్చు. రోగి నోట్లో నీళ్ళు, పాలు, మాత్ర ఏదీ వేయరాదు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావురం రక్తం పూయడం, నాటుమందుకు తిప్పడంలో ఆ నాలుగున్నర గంటలూ గడిచిపోతాయి.

కల్యాణదుర్గం నుంచి అనంతపురం సుమారు 60 కిలోమీటర్లు. రాయదుర్గం వారికి బళ్ళారి దగ్గర. రాత్రివేళ కూడా స్కాన్, ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రి ఏదో ఈరోజే విచారించుకోవాలి.

జబ్బు రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. దీనికి పెద్ద కారణం రక్తపోటు. 140/90 లేదా అంతకుమించి పదేపదే కనిపిస్తే వైద్యుని చూడాలి. ఒంట్లో బాగుందని మాత్రలు మానరాదు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించరాదు. సంగటిలోకి ఊరుబిండి, ఊరగాయ ఎంత పడుతున్నాయో ఇంటింటా చూసుకోవాలి. బీడీ, సారాయి మానాలి. చక్కెర వ్యాధిని అదుపులో ఉంచుకోవాలి.

ఊళ్ళో అందరూ రోజుకు రెండు పూటలా కలిసే చోటు పాలకేంద్రం. కాబట్టి ప్రతి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాము. నెలకొకసారి పాల బిల్లు ఇచ్చే రోజున ఆరోగ్య కార్యకర్తను పిలిపించి సభ్యులందరికీ రక్తపోటు చూపించండి. ఈ మూడు గుర్తులు, 108, ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు పలకపై రాసి తూకం దగ్గర కట్టండి. పాలు పోసే మనిషి మూతి, మాట, నడక తేడాగా ఉంటే క్యాను పక్కన పెట్టి ముందు మనిషిని చూడండి.

ఈ మేరకు వచ్చే పాలకవర్గ సమావేశంలో తీర్మానం రాసుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతోపాటు ఆ పలకను కూడా అడిగి చూస్తాము.