స్ప్రింగు ఊపును ఆపేది ఏది?



విల్లియనూరు తిరుకామీశ్వరస్వామి రథాన్ని చూశారా? ఫ్రెంచివారి కాలం నుంచి గవర్నరు కూడా వచ్చి తాడు పట్టే రథమది. దానికి స్ప్రింగులుండవు. నడక వేగమే కనుక సరిపోతుంది. అదే వీధిలో పరుగెత్తే సరుకుల ట్రక్కుకు అలా కుదరదు.

మొన్న ఆ ఊళ్ళో మా బంధువు ఒకాయన తన చిన్న ట్రక్కు ముందు స్ట్రట్లను ఇంటి దగ్గరే మారుస్తానని స్పానర్లు పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద లారీలకు కమాను కట్టలుంటాయి. 2016లో వచ్చిన మారుతీ సూపర్ క్యారీ వంటి చిన్న ట్రక్కులకు ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్లుంటాయి. చుట్ట స్ప్రింగు, దాని నడుమ నూనె గొట్టం, రెండూ కలిసి ఒకే స్తంభం అన్నమాట.

స్ప్రింగు గతుకు దెబ్బను తీసుకుంటుంది గాని, శక్తిని పోగొట్టదు, తిరిగి ఇచ్చేస్తుంది. గొట్టంలో పిస్టను కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా దూరాలి. స్నిగ్ధత వల్ల ఆ శక్తి ఉష్ణంగా మారుతుంది. ఇవే మీరు చదువుకున్న అవరుద్ధ డోలనాలు. నూనె కారిపోతే బండి ఊగుతూనే ఉంటుంది. చక్రం రోడ్డును సరిగా అంటదు, బ్రేకు వేసినా బండి ఆగే దూరం పెరుగుతుంది. ముందు మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే మంచిదే. మూడు నాలుగుసార్లు ఊగితే స్ట్రట్టు అరిగినట్టే.

మా బంధువు వెనక చక్రాలకు అడ్డు పెట్టాడు, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు కూడా పెట్టాడు. బాగుంది. కాని తర్వాత స్పానరు నేరుగా స్ట్రట్టు పైనున్న నడిమి నట్టు మీద పెట్టాడు! గభాలున చెయ్యి పట్టుకున్నాను.

లెక్క వేద్దాం. స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 25,000 న్యూటన్లు, నొక్కుడు 0.2 మీటర్లు అనుకోండి. ½kx² ప్రకారం 500 జౌళ్ళు. అంటే 50 కిలోల బస్తా మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి! ఆ స్ప్రింగును పట్టి ఉంచేది ఆ నట్టే. బాడీకి బిగించిన చుట్టూ నట్లనే ముందు విప్పాలి. స్ట్రట్టు బయటికి వచ్చాక, స్ప్రింగును కంప్రెసరుతో బిగించిన తర్వాతే నడిమి నట్టు జోలికి పోవాలి.

ఆయన దగ్గర కంప్రెసరు లేదు. స్ట్రట్లను షెడ్డుకు తీసుకెళ్ళి ఆ ఒక్క పనీ చేయించుకొచ్చాడు. రెండువైపులా కొత్తవే వేశాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే బండి ఒకవైపు ఒకలా, మరోవైపు మరోలా ఊగుతుంది. చక్రాల అలైన్‌మెంటుకు మర్నాడు వెళ్ళాడు. సాయంత్రం నొక్కి చూశాం. ఒక్కసారి లేచి నిలిచింది.