సైక్లోట్రాన్: నడిపేవారి మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే సైక్లోట్రాన్ గురించి మాట్లాడమంటే మొదట మాకు నవ్వు వచ్చినది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విని, పచ్చడి చేదు ఇంకా నోట్లో ఉండగానే పరమాణు కేంద్రకం ఎవరికి రుచిస్తుంది? అయినా కార్యదర్శిగారు విడిచిపెట్టలేదు. "మీరు ఉద్యోగకాలమంతా ఆ యంత్రాల దగ్గరనే గడిపినారు. మన పిల్లలకు తెలుగులో చెప్పేవారు ఇంకెవరున్నారు?" అన్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు అయిన మనకు ఆ మాట ఎక్కడో తగులుతుంది. సరే అన్నాము. సైక్లోట్రాన్‌కు తెలుగు పేరు మాత్రం అడగకండి. మోటారును మోటారు అనే అంటున్నాము కదా.

జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలే వడిసెలను మీలో పెద్దవారు ఎరిగే ఉంటారు. తాడులో రాయి పెట్టి గిరగిర తిప్పి, వేగం అందిన తరువాత ఒక కొస వదలితే రాయి దూసుకొని పోతుంది. సైక్లోట్రాన్ చేసేదీ ఇంచుమించు ఇదే. రాయికి బదులు అయాను, అనగా కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువు. తాడుకు బదులు పెద్ద అయస్కాంతం. చేతి ఊపుకు బదులు విద్యుత్తు. ఉయ్యాల మన దగ్గరకు వచ్చినప్పుడల్లా సమయం చూచి చిన్నగా తోస్తే అది ఎంత ఎత్తుకు పోతుందో పిల్లలకు తెలుసు. అట్లాగే అయాను అర్ధచుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా విద్యుత్తు ఒక తోపు తోస్తుంది. ప్రతి తోపుకూ వేగం పెరుగుతుంది, చుట్టు వెడల్పు అవుతుంది, చివరకు అంచు చేరుతుంది. 1931లో అమెరికాలో లారెన్సు, ఆయన శిష్యుడు లివింగ్‌స్టన్ అరచేతిలో పట్టేటంత యంత్రంతో, రెండువేల వోల్టుల లోపు తోపులతోనే, 80 వేల వోల్టుల శక్తిని రాబట్టినారు. లారెన్సుకు 1939లో నోబెల్ బహుమతి వచ్చినది.

హైడ్రోజను వంటి తేలికవాటిని తిప్పడం ఒక ఎత్తు. నత్రజని, ఆమ్లజని, నియాను వంటి బరువు అయానులను తిప్పడం మరొక ఎత్తు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పక తప్పదు. కలకత్తాలోని మొదటి పెద్ద సైక్లోట్రాన్ బలాన్ని 130 అనే అంకెతో చెబుతారు. నత్రజని నుండి ఒక్క ఎలక్ట్రాను ఊడదీసి తిప్పితే, లెక్క ప్రకారం దక్కేది సుమారు 9 మిలియను ఎలక్ట్రాన్ వోల్టులు. అయిదు ఊడదీస్తే 25 రెట్లు, అనగా సుమారు 232. యంత్రం అదే, అయస్కాంతం అదే. పొట్టు బాగా ఒలిచినందుకు వచ్చిన లాభం అది. అందుచేత బరువు అయానుల యంత్రాన్ని మెరుగుపరచాలంటే అయస్కాంతం కంటె ముందు అయానులను పుట్టించే చోటును చూడాలి. సూక్ష్మతరంగాలతో ఎలక్ట్రాన్లను వేడెక్కించి, వాటిచేత పరమాణువులను మళ్ళీ మళ్ళీ కొట్టించి ఒలిచే ఒక జనకాన్ని ఫ్రాన్సులో గెల్లర్ అనే ఆయన తీర్చిదిద్దినారు. కలకత్తావారు తమది తామే తయారు చేసుకొని, 1990ల చివరికల్లా పాత యంత్రంతోనే బరువు అయానులను తిప్పినారు.

ఇంత తంటా ఎందుకని అడుగుతారు. ఒక కేంద్రకాన్ని మరొక కేంద్రకానికి ఢీకొట్టించి, రెండూ కలిసి ఎట్లా వేడెక్కుతవో, ఎట్లా చీలుతవో చూడడానికి. రష్యాలో దుబ్నా అనే ఊరిలో సైక్లోట్రాన్ నుండి కాల్షియం అయానులను బరువు లోహాల మీదికి వదలి, ప్రకృతిలో మనకు దొరకని మూలకాలను సృష్టించినారు. 118వ మూలకానికి 2016లో ఒగనెస్సాన్ అని పేరు పెట్టినారు. దానివి ఇంతవరకు తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టగల పరమాణువులు మాత్రమే! అటువంటి చోట ధార రెండింతలయితే, ఏడాది నిరీక్షణ ఆరు నెలలవుతుంది.

మన దేశంలో ఈ కథ సుఖంగా మొదలు కాలేదు. మేఘనాద్ సాహా శిష్యుడు నాగ్‌చౌధురి బర్క్‌లీలో లారెన్సు దగ్గర నేర్చుకొని వచ్చి కలకత్తాలో సైక్లోట్రాన్‌కు పూనుకొన్నారు. అయస్కాంతపు భాగాలు చేరినవి. శూన్యం చేసే పంపులను తెచ్చే ఓడను యుద్ధంలో జపానువారు ముంచినారు. పంపులు లేక ఆ యంత్రం ఏళ్ళ తరబడి ఈడ్చింది. తరువాతి పెద్ద యంత్రం, ధ్రువం వెడల్పు 224 సెంటీమీటర్లు, స్వదేశంలోనే తయారై, 1977 జూన్ 16న మొదటి ధారను చూపింది.

పంపు మాట వచ్చినది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాము. కోయంబత్తూరువారి ముందు పంపు గురించి చెప్పడం గంగలో నీళ్ళు పోయడమే. 1930లలో పైకారా కరెంటు వచ్చినది. 1937లో జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు ఇక్కడ చేయించిన మోటారునే దేశంలో తయారైన తొలి మోటారుగా చెప్పుకొంటాము. లోతు బావులలో మోటారును దించి నీరు తోడిన కుటుంబాలు మనవి. మధుర నుండి వచ్చిన బంధువులు కూడా ఈ బావుల కష్టం ఎరిగినవారే. పీల్చే గొట్టంలో ఎక్కడైనా సన్నని సందు ఉంటే ఏమవుతుంది? మోటారు తిరుగుతుంది, నీళ్ళు రావు. మా తాతగారు అతుకు చుట్టూ సబ్బునురుగు పూసి, నురుగు ఎక్కడ లోనికి పీల్చుకొన్నదో చూచి సందు పట్టేవారు. సైక్లోట్రాన్‌లోనూ అదే తంతు. లోపలి గాలిని వందకోట్లలో ఒక వంతు దాకా తోడివేయాలి. మిగిలిన గాలి అణువుకు తగిలిన బరువు అయాను ఒక ఎలక్ట్రానును దొరకబుచ్చుకొంటే చాలు, దాని లెక్క తప్పి దారి తప్పుతుంది. ఒలిచిన శ్రమ అంతా వృథా. సబ్బునురుగుకు బదులు అక్కడ బయటినుండి హీలియం వాయువు ఊదుతారు. లోపల హీలియం కనబడితే సందు అక్కడ ఉన్నట్లు.

అయస్కాంతం పని ఇంతకంటె నాజూకు. నేతపని ఎరిగిన దేవాంగ సోదరులకు ఇది సులభంగా తెలుస్తుంది. పడుగులో బిగువు ఒక పక్క సడలితే గుడ్డ అంతా వంకరపోతుంది. కలకత్తాలోనే రెండవ యంత్రం కట్టినారు. ద్రవ హీలియంలో, సున్నకు 269 డిగ్రీల కింద, తీగలు నిరోధం లేకుండా కరెంటును మోసే అతివాహక సైక్లోట్రాన్ అది. 2009 ఆగస్టులో దానిలో నియాను ధార తిరిగినది. పత్రికలు రాసినవి, అభినందనలు వచ్చినవి. అయితే తిరిగిన ధార బయటికి రాలేదు! అయస్కాంత క్షేత్రంలో ఒక పక్కకూ మరొక పక్కకూ ఉన్న స్వల్పమైన తేడా అంచు దగ్గర ధారను చెదరగొట్టింది. క్షేత్రాన్ని మళ్ళీ కొలిచి, లోపాన్ని వెతికి సరిచేసి ధారను బయటికి తీసేసరికి పదేళ్ళు దాటినవి. మొదటి ధార చూచినవారిలో కొందరు అప్పటికి ఉద్యోగ విరమణ చేసినారు. పత్రికలకు ఎక్కవలసినది ఈ రెండవ వార్తే అని మా అభిప్రాయం.

ఇక మా సంగతి ఒకటి. ఏ ప్రయోగశాల అన్నది అడగకండి. ఒక పరిశోధక విద్యార్థినికి అయిదు రోజులు ధార ఇస్తామని నిర్ణయమైనది. ఏడాదికి పైగా వరుసలో వేచి ఆమె రైలెక్కి వచ్చినది. సిద్ధాంత వ్యాసం అంతా ఆ అయిదు రోజుల మీదనే. మొదటి రోజే శూన్యం నిలవలేదు. గేజీ దిగినట్లే దిగి ఆగిపోయినది. రాత్రింబవళ్ళు హీలియం గొట్టం పట్టుకొని అతుకు అతుకూ వెతికినాము. ఆ అమ్మాయి కంట్రోలు గది మూల కుర్చీలో కూర్చొని, తాను ఏమీ అడగకుండా, మేము లోపలికి వచ్చినప్పుడల్లా మా ముఖం చూచేది. ఆ చూపు కంటె తిట్టు నయం.

మూడవ రోజు తెల్లవారుజామున దొరికినది. ధారను కొలిచే కడ్డీ లోనికి పోయే చోట, రబ్బరు రింగు కింద, ఒక నూలు పోగు. అంగుళం పొడుగు కూడా లేదు. గాడిని కాటన్ వేస్టుతో తుడిచి ఆ రింగు బిగించినది మరెవరో కాదు, మేమే. నూలు మిల్లుల ఊరిలో పుట్టి, నూలు పోగు చేతనే పరువు పోగొట్టుకొన్నాము.

మళ్ళీ శూన్యం దిగి, అయస్కాంతం కుదుటపడి, ధార అంచు దాటి తెర మీద గోరంత వెలుగు చుక్కగా కనబడేసరికి నాలుగవ రోజు ముగుస్తున్నది. ఇంకొక రోజు అదనంగా ఇమ్మని అడిగినాము. వెనుకవారి వంతు ఉన్నది, వీలు కాదన్నారు. వారి మాటా న్యాయమే. ఆమె సగం కొలతలతో తిరిగి పోయినది. పోయేముందు మా తప్పు ఆమెకు చెప్పినాము. చెప్పకుండా ఉండవచ్చును, యంత్రం మీదికి నెట్టవచ్చును. నోరు ఒప్పలేదు.

ఆ వారమే కాటన్ వేస్టును ఆ గదిలోనికి రానీయవద్దని గోడ మీద వ్రాసి పెట్టినాము. పోగు రాలని గుడ్డతో తుడవడం, దీపం పెట్టి గాడి చూడడం, ఇద్దరు చూచి సంతకం చేయడం అలవాటు చేసినాము. పెద్ద మెరుగు ఏమీ కాదు. ఎవరూ వ్యాసం వ్రాయరు. కాని ఆ తరువాత మా షిఫ్టులో రింగుల వల్ల ధార ఆగిన రోజు లేదు.

మరుసటి ఏడు ఆ అమ్మాయి మిగిలిన కొలతలకు వచ్చినది. నమస్కారమైనా పూర్తిగా చేయకముందే, "సార్, గాడి చూచినారా?" అన్నది. చేతి దీపం ఆమెకే ఇచ్చినాము.