వెన్ను విరిగింది హోటల్లో, ఇంట్లో కాదు

(మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. బడిపంతుళ్ళం గదా! కానీ ఐదు నెలలుగా మా పల్లెలో మేం చదువుతున్న పాఠం వేరు. ఈ పూట దాని గురించే చెప్తాం.

మా పల్లె తమ్ముడొకడు విజయవాడలో హోటలు పనికి పోయాడు. ఊళ్ళో టీ బంకు కాడ మన గ్లాసు వేరే పెట్టిన కాలం మనలో చాలామందికి గుర్తే. పట్నం పోతే అందరి గ్లాసులూ మనతోనే కడిగించారు. అది సమానత్వం అనుకోమన్నారు! పొద్దున ఐదింటికి నిలబడితే రాత్రి పదకొండు దాకా నిలబడే ఉండాలి. వాణిజ్య సిలిండరులో గ్యాసే 19 కిలోలు, ఇనుము బరువు అదనం. అది మెట్లెక్కించాలి, అన్నం గుండిగలు దించాలి, పిండి టబ్బులు మోయాలి. ఒకరోజు సాంబారు గిన్నెతో తడినేల మీద జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూస విరిగి నరం మీద ఒత్తింది. కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. సర్కారు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి రాడ్లు, స్క్రూలు వేశారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. ఆసుపత్రికి తెచ్చిన హోటలు మనిషి డాక్టరుతో ఏం చెప్పాడు? ‘గదిలో బాత్రూంలో జారాడు’ అన్నాడు. ఆ ఒక్క మాట కేసుషీటు మొదటి లైనులో పడితే, తర్వాత మనం ఎంత మొత్తుకున్నా కార్మికుడికి నష్టమే. మా వాళ్ళు ఆ రాత్రే అక్కడికి పోయి, తమ్ముడి నోటితోనే ‘పనిలో ఉండగా పడ్డాను’ అని చెప్పించి రాయించారు. కూడా పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు సాక్ష్యం చెప్తామన్నారు. వాళ్ళకీ ఉద్యోగ భయం ఉంది, అయినా అన్నారు.

ఆపరేషను డాక్టర్లు చేస్తారు. తర్వాత పని మొత్తం ఇంటిమీద పడుద్ది, అంటే ఆడమనిషి మీద పడుద్ది. తమ్ముడి భార్య మిరపకాయల కోతకి పోతేనే పొయ్యి వెలిగేది. ఆమె ఇంట్లో కూర్చుంటే కూలి పోద్ది, కూలికి పోతే ఆయన్ని తిప్పే దిక్కులేదు. అందుకని పల్లెలో వంతులు వేసుకున్నాం. మొదట్లో మగపిల్లలు సిగ్గుపడ్డారు. మంచాన ఉన్న మనిషికి మలమూత్రాలు ఎత్తడం ఆడవాళ్ళ పనేనని ఏ మనువు చెప్పాడో గాని, మన ఇళ్ళల్లో కూడా అది పాతుకుపోయింది. ఇప్పుడు వాళ్ళే చేస్తున్నారు.

డాక్టర్లు, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందే మేం చేశాం. నులక మంచం కుంగుద్ది, పనికిరాదు. బల్ల మీద పరుపు వేశాం. తనంతట తిరగలేనన్నాళ్ళూ రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి, లేకపోతే పిరుదుల మీద, మడమల మీద పుళ్ళు పడతాయి. తిప్పేటప్పుడు భుజం ఒకరు, నడుం ఒకరు పట్టి దుంగను దొర్లించినట్టు ఒకేసారి తిప్పాలి. నడుం మెలి పడకూడదు. చేతులు పట్టి గుంజి లేపకూడదు. పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి దించి, మోచేతి మీద ఆని లేవాలి. గొంతుక్కూర్చునే దొడ్డి కుదరదు. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో చిల్లి కోసి కింద బకెట్టు పెట్టాం. బీడీ మాన్పించాం, అది ఎముక అతుక్కోవడానికి అడ్డం. దీనికే ఎక్కువ పోట్లాట అయింది.

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ఒంటేలు బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాళ్ళ బలం తగ్గుతున్నా, కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే 108 పిలవండి. నాటు వైద్యం పేరుతో నడుం తొక్కించేవాళ్ళు వస్తారు. గడప తొక్కనివ్వద్దు.

ఇక డబ్బు. యజమాని ఐదువేలు పంపించి ‘ధర్మం చేశా’ అన్నాడు. ధర్మం ఎవడిక్కావాలి? 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా కోసం అదార్కర్‌ను నియమించారు. 1944లో నివేదిక వచ్చింది. దాని మీద కట్టిందే 1948 ఈఎస్ఐ చట్టం. పదిమంది, అంతకు మించి పనిచేసే హోటలుకి అది వర్తిస్తుంది. 21 వేల లోపు జీతగాడికి యజమాని 3.25 శాతం కట్టాలి, కార్మికుడు 0.75 శాతం. పనిలో దెబ్బ తగిలితే, పనికి పోలేనన్నాళ్ళూ జీతంలో 90 శాతం వస్తుంది. ఇన్నాళ్ళు కట్టి ఉండాలన్న షరతు ఈ దెబ్బకి లేదు. ఈఎస్ఐ కిందికి రాని చోట యజమానే పరిహారం ఇయ్యాలని 1923 నుంచి చట్టం ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఇవన్నీ సామాజిక భద్రతా కోడ్ కిందికి చేర్చారు. పేరు మారింది గాని హక్కు పోలేదు.

మా తమ్ముడి హోటల్లో పాతికమంది పైనే ఉన్నారు, పేర్లు ఎక్కించింది నలుగురివే. జీతం చీటీ ఎన్నడూ ఇవ్వలేదు. అయితే యజమాని ఫోనులోంచి నెలనెలా జీతం వేసిన లెక్క తమ్ముడి బ్యాంకు పుస్తకంలో ఉంది. అది అచ్చు తీయించాం. హోటలు యూనిఫాం వేసుకున్న ఫొటో, కేసుషీటు నకలు, డిశ్చార్జి కాగితం, ఇద్దరి సాక్ష్యం కలిపి దరఖాస్తు పెట్టాం. రసీదు తీసుకోకుండా ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఇప్పుడు తమ్ముడు బెల్టు కట్టుకుని చేతికర్రతో వీధి చివరదాకా నడుస్తున్నాడు. బరువు ఎత్తే పని ఇక చేయలేడు. క్యాషు బల్ల దగ్గర కూర్చునే పని ఇమ్మని అడిగితే మేనేజరు నవ్వాడంట. గల్లాపెట్టె దగ్గర మన కులంవాణ్ణి ఏ హోటల్లో చూశారు మీరు? ఆ మాట కూడా దరఖాస్తులో రాయమన్నాడు తమ్ముడు. రాశాం.

వచ్చే నెల ఈఎస్ఐ ఆఫీసులో విచారణ ఉంది. దారిలో రెండుసార్లు దింపి నడిపించాలి, ఏకబిగిన కూర్చోలేడు. తోడుకి ఇద్దరు కావాలి. ఆ రోజు కూలి పోతుంది కాబట్టి దానికి చందా వేసుకున్నాం. రాగలిగినవాళ్ళు సభ అయ్యాక పేర్లు ఇచ్చి పోండి.