మరణ నమోదు పత్రము – మన కర్తవ్యము



మహాసభ యన్నది శుభకార్యము వంటిది. పూలదండలు, మంగళవాద్యములు, విద్యార్థులకు బహుమానములు గల ఈ పందిటిలో నిలిచి మరణమును గూర్చి మాటాడుట కొందఱికి అపశకునముగా తోచవచ్చును. కార్యనిర్వాహకులు మమ్ము సంస్కృత భాషాభ్యాసమును గూర్చి ప్రసంగింపుడని కోరిరి. ముప్పదియేండ్లకు పైగా ఆ పనియే చేసినవారము గనుక అది మాకు సులభమే. కాని వారి యనుమతి వేడి విషయమును మార్చుకొంటిమి. మన కుటుంబములలో ఎవరైన కాలధర్మము నొందినప్పుడు ఆ మరణమును సర్కారు పుస్తకములో వ్రాయించుట, దాని పత్రమును సంపాదించుట – ఇదియే మేము చెప్పదలచిన విషయము. ఇది మేము గ్రంథములలో చదివి నేర్చినది కాదు; మా యింట జరిగిన తప్పిదము వలన నేర్చినది.

మా అగ్రజులు 2012వ సంవత్సరమున, ఖర నామ సంవత్సర మాఘమాసములో, శివరాత్రికి ముందు వచ్చిన శనివారము రాత్రి, తెల్లవారుజామున మూడు గంటలకు స్వగ్రామమున ఇంటిలోనే మరణించిరి. ఆసుపత్రికి కొనిపోవు వ్యవధి లేకపోయినది. బంధువులందఱు వచ్చిరి. దహనము మొదలు పండ్రెండవ దినము వఱకు జరుగవలసినవన్నియు లోపము లేక జరిగినవి. దానములకు, భోజనములకు లెక్క వ్రాసినవారము మేమే. పంచాయతీ కార్యాలయము మా వీథి చివరనే యున్నది. అచ్చటికి పోయి ఒక్క మాట చెప్పినవారు లేరు. తిథి తెలిసియున్న చాలును, ఏటేట ఆబ్దికము జరుగును గదా, ఇక కాగితముతో పనియేమి యని మేము తలంచితిమి. చదువుకొన్నవారమని ఊరివారు మా మాట వినుచుండిరి. ఆ చదువు ఆ దినమున అక్కఱకు రాలేదు.

మూడేండ్లు గడచిన పిమ్మట అన్నగారు కట్టిన బీమా పాలసీ పెట్టె యడుగున దొరకినది. పొలము పట్టాలో పేరు మార్చవలసి వచ్చినది. బ్యాంకులో కొంత సొమ్ము నిలిచియున్నది. వదినగారు ఎక్కడికి పోయినను అడిగినది ఒక్కటే: మరణపత్రమేదీ? పంచాయతీలో వెదకించగా ఆ పేరున ఏ మరణమును నమోదు కాలేదని చీటి యిచ్చిరి. ఏడాది దాటిన మరణము గనుక మేజిస్ట్రేటు అధికారము గల వారి ఉత్తరువు కావలెననిరి. ప్రమాణపత్రము, ఇద్దఱు సాక్షులు, గ్రామ విచారణ – ఇవి యన్నియు మొదలైనవి.

అందు మఱియొక చిక్కు వచ్చినది. సాక్షులిద్దఱును శనివారము మరణించిరని చెప్పిరి. పురోహితులవారి పుస్తకములోను శనివారమనియే యున్నది. వారు పలికినది అసత్యము కాదు. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మొదలై మరునాటి సూర్యోదయముతో ముగియును. కావున తెల్లవారుజామున మూడు గంటలు శనివారము క్రిందనే వచ్చును. సర్కారు తేదీ యన్ననో అర్ధరాత్రితోనే మారును. వారి లెక్కకు అది ఆదివారము, ఫిబ్రవరి 19. వదినగారు అర్జీలో 19 అని వ్రాయించిరి. సాక్షుల వాఙ్మూలములో 18 అని పడినది. రెండును కుదురలేదని కాగితములు తిరిగి వచ్చినవి. వాటిని సరిచేయించి మరల పంపి ఉత్తరువు తెచ్చుకొనుసరికి మొత్తము పదునాలుగు మాసములు పట్టినవి. ఈలోగా పిల్లదాని కాలేజీ ఫీజునకు రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయవలసి వచ్చినది.

ఒకనాడు కచేరీ నుండి ఎండలో తిరిగి వచ్చి, అరుగుమీద కూలబడి, వదినగారు మాతో ఇట్లనిరి: "మరిదిగారూ! ఊళ్లో పిల్లలందఱి పుట్టినతేదీలు బడి రిజిస్టరులో మీ చేతితో వ్రాసినారు. మీ అన్నగారు పోయిన తేదీ ఒక్కటి ఎక్కడా వ్రాయించలేకపోయినారా?" ఆమె కోపముతో అనలేదు. అందువలననే ఆ మాట మాకు నేటికిని మఱపునకు రాదు. నేడు ఈ వేదికపై నిలుచుటకు కారణమును అదియే.

ఇక విషయమునకు వత్తము. జననమరణములను వ్రాయు ఏర్పాటు మన దేశమునకు క్రొత్తది కాదు. చెన్నపురి రాజధానిలో 1899వ సంవత్సరముననే ఇందుకొక చట్టము వచ్చినది. పల్లెలలో గ్రామ మునసబులు ఆ పుస్తకమును ఉంచెడివారు. స్వాతంత్ర్యానంతరము 1969వ సంవత్సరమున దేశమంతటికి ఒకే చట్టము చేసిరి. 1984లో ఆంధ్రప్రదేశమున మునసబు, కరణముల పదవులు రద్దయినవి. నేడు గ్రామమున పంచాయతీ కార్యదర్శియు, పట్టణమున పురపాలక సంఘమువారును ఈ పని చూచుచున్నారు. మునసబుల కాలపు దాఖలా కావలసినవారు పంచాయతీతో ఆగక, పాత పుస్తకములు ఎక్కడ చేరినవో మండల కచేరీలో కూడ విచారింపవలెను.

గడువులను అందఱును కంఠస్థము చేయవలెను. మరణము జరిగిన 21 దినములలోపల తెలిపినచో రుసుము లేదు. 21 దినములు దాటి 30 దినములలోపల నైనచో స్వల్ప రుసుముతో వ్రాసికొందురు. 30 దినములు దాటి ఏడాదిలోపల నైనచో పై యధికారి వ్రాతపూర్వకమైన యనుమతి కావలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. పూర్వము ఇది ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు ఈయవలసినది. 2023వ సంవత్సరపు సవరణచే, ఆ యేడు అక్టోబరు 1 నుండి, ఈ యధికారము జిల్లా మేజిస్ట్రేటునకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు సంక్రమించినది. పండ్రెండవ దినమున బంధువులు ఇంటనే యుందురు. 21 దినములకు ఇంకను తొమ్మిది దినములు మిగులును. ఒక్క పూట పనిని మేము పదునాలుగు మాసముల పనిగా చేసికొంటిమి.

రెండవ సంగతి, ఎక్కడ వ్రాయించవలెను అనునది. మరణించినవారు ఏ యూరివారని కాదు, ఎక్కడ మరణించిరన్నది ముఖ్యము. పల్లెవాసి విశాఖపట్టణములోని ఆసుపత్రిలో మరణించినచో ఆ పేరు విశాఖపట్టణపు పుస్తకములోనే యుండును. స్వగ్రామ పంచాయతీలో ఎన్ని సారులు వెదకినను దొరకదు. ఆసుపత్రి మరణమును ఆసుపత్రి యధికారియు, ఇంటి మరణమును ఇంటి యజమానియు తెలుపవలెను. దారిలో వాహనమునందు మరణించినచో వాహనము మొదట ఆగిన చోట తెలుపవలెను. ఆసుపత్రివారే వ్రాయుదురు గదా యని ఊరకుండక, వారు పంపిన కాగితములో పేరు సరిగా నున్నదో లేదో అచ్చటనే చూచుకొనవలెను.

మూడవది పేరు. మన యిండ్లలో ఒక మనిషికి మూడు పేర్లు. నామకరణమునాటి పేరొకటి, పిలుపు పేరొకటి, పట్టాలో నున్నది మఱొకటి. ఇంటిపేరు ఒక కాగితమున ముందు వచ్చును, ఇంకొకట పొడి అక్షరముగా మాఱును. ఆధారు, పట్టా, బ్యాంకు పుస్తకము ఎదుట ఉంచుకొని అందున్నట్లే చెప్పవలెను. తప్పు పడినను భయము లేదు. రుజువు చూపినచో రిజిస్ట్రారు దిద్దును. మొదటి వ్రాతను చెఱపక ప్రక్కన అంచులో దిద్దుబాటు వ్రాసి సంతకము చేయుట పద్ధతి.

తేదీ విషయమున మా యనుభవము వింటిరి. తిథి ఆబ్దికమునకు, తేదీ కచేరీకి. రెండింటిని గంటతో సహా ఆనాడే ఒక కాగితముపై వ్రాసి యుంచుడు.

నాలుగవది పత్రము. నమోదు చేయించినవారికి దాని నకలు ఉచితముగా ఈయవలెను. నేటి చట్టము ప్రకారము ఏడు దినములలోపల ఈయవలెను. తరువాత ఎప్పుడైనను, ఎవరైనను, రుసుము చెల్లించి పుస్తకము వెదకించి నకలు పొందవచ్చును. అందు మరణకారణము మాత్రము చూపరు. ఇది మీరు గట్టిగా గుర్తుంచుకొనవలసినది. రోగము బయటపడునని, బలవన్మరణమైనచో పరువు పోవునని, కొందఱు నమోదుకే వెనుదీయుచున్నారు. పరువు కొఱకు దాచినదానికి వెల కట్టువారు వెనుక మిగిలిన ఆలుబిడ్డలే. మఱియు ఈ పత్రము మరణమును మాత్రమే రుజువు చేయును, వారసులెవరో చెప్పదు. వారసత్వమునకు వేఱు ధ్రువపత్రము కావలెను. ఒకటి యున్నచో రెండవది అక్కఱలేదని భ్రమపడకుడు.

మన పిల్లలు నేడు అమెరికాలోను స్థిరపడిరి. అచ్చట పెక్కు రాష్ట్రములలో కౌంటీ కచేరీ యన్నది మన జిల్లా కచేరీ వంటిది. మరణ దాఖలాను అంత్యక్రియలు జరిపించు సంస్థవారు పంపుదురు. నకళ్లు కౌంటీ నుండియో, రాష్ట్ర కార్యాలయము నుండియో వచ్చును. కొన్ని రాష్ట్రములలో సమీప బంధువులకు మాత్రమే పూర్తి నకలు ఇత్తురు. ఆ పత్రము ఇచ్చట చెల్లుటకు ఆ రాష్ట్రపు అధికారి అపోస్టిల్ అను ముద్ర వేయవలెను. ఆ యొడంబడికలో అమెరికా 1981 నుండి, మన దేశము 2005 నుండి ఉన్నవి. కావున అచ్చటి బంధువులు ఒక్క నకలుతో సరిపెట్టక నాలుగైదు తీసికొని, ముద్ర వేయించి పంపుట మేలు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయిరి. కుటుంబములకు కుటుంబములే పోయినచోట, ఫలానావారు పోయిరని చెప్పుటకు ఇంటిలో మనిషియే మిగులలేదు. వారి సంగతి వేఱు. ఇంటినిండ మనుషులుండి, వీథి చివర కచేరీ యుండి, చెప్పక ఊరకున్నవారికి సాకు ఏది? చిత్రగుప్తుని చిట్టాలో ఒక్క పేరును తప్పదని మన నమ్మకము. పంచాయతీ చిట్టాలో మాత్రము మనము పోయి చెప్పిననే ఎక్కును.

కావున ఈ మహాసభవారికి మా విన్నపములు మూడు. ప్రతి గ్రామశాఖయు చదువు వచ్చిన యువకు నొకనిని, యువతి నొకతెను ఈ పనికి ఏర్పఱచి, మన యింట మరణము జరిగినప్పుడు పండ్రెండవ దినములోపల వారే పోయి నమోదు చేయించునట్లు చూడవలెను. పరామర్శకు పోయినవారు "నమోదు అయినదా?" అని అడుగుట మర్యాదగా భావింపవలెను. ఏండ్లు గడచినను నమోదుకాని మరణములు మన కుటుంబములలో ఎన్ని యున్నవో లెక్కించి, వాటి అర్జీలకు సంఘమువారు తోడు నిలువవలెను. కన్యాదానమునకు చందా యిచ్చు చేతులు ఒక వితంతువు ప్రక్కన కచేరీ బల్లమీద ఒక్క పూట కూర్చుండుటకు వెనుదీయవని మా విశ్వాసము.

మా వదినగారు నేడు ఈ సభలోనే, స్త్రీల వరుసలో కూర్చుండియున్నారు. వారి యనుమతితోనే ఈ కథ చెప్పితిమి. "చెప్పండి, ఇంకొకరికైనా తిప్పట తప్పుతుంది" అని వారు మాతో అనిరి. అంతకు మించి మేము చెప్పవలసినది లేదు.

స్వస్తి.